అన్యాయమనిపించిన యుద్ధానికి సైనికుడు వెళ్ళాలా? అగ్నివీర్‌కి తయారవుతున్న ఒక అబ్బాయి ప్రశ్నకి మాజీ సుబేదార్ జవాబు

బాబూ, నీ ప్రశ్న చదివాను. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నావు, అగ్నివీర్ పరీక్షకి తయారవుతున్నావు. ఉద్యోగమని తీసుకెళ్తే రష్యా సైన్యంలో తేలిన మన కుర్రాళ్ళ వార్తలు చూసిన దగ్గర్నుంచి నీకు టెన్షన్ పట్టుకుంది. "రేపు నా మనసుకి అన్యాయం అనిపించిన యుద్ధానికి పంపితే వెళ్ళాలా? వెళ్ళనని చెప్పే హక్కు ఉందా? వెళ్తే ఆ పాపంలో నాకూ వాటా ఉంటుందా?" అని అడిగావు. ఇలాంటివి పైకి అడగొద్దు, అడిగితే ఉద్యోగం రాదు అని మీ అమ్మగారు భయపడుతున్నారని కూడా రాశావు.

నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే మందుపాతరలు తీసే, వంతెనలు కట్టే సైనిక ఇంజినీర్ల దళంలో, 26 ఏళ్ళు చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను. 1987 నుంచి 1989 దాకా మన దేశం పంపిన శాంతి సేనతో శ్రీలంకలో ఉన్నాను. మాది గిద్దలూరు వైపు. ఇప్పుడు పొద్దున్నే ఊరి కుర్రాళ్ళని గ్రౌండులో పరిగెత్తిస్తుంటాను. నీ ప్రశ్న వాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకు నన్ను అడగలేదు. అడగాల్సిన ప్రశ్నే అది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్తాను. యుద్ధం న్యాయమా కాదా అని నీకు అనుమానం మాత్రమే ఉంటే వెళ్ళాలి. వెళ్ళాక చేయకూడని పని చేయమంటే, ఎవరు చెప్పినా చేయకూడదు. ఇక అనుమానానికి తావే లేకుండా, పక్కదేశాన్ని మింగడానికో ఒక జాతిని తుడిచిపెట్టడానికో జరుగుతున్న యుద్ధమని తెలిసిపోతుంటే వెళ్ళకూడదు. అప్పుడు కూడా పారిపోకూడదు. తుపాకీ కింద పెట్టి, నిలబడి, వచ్చే శిక్ష తీసుకోవాలి. ఈ మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇంట్లోనైనా టీవీలోనైనా ఈ చర్చ అరుపుల్లో తేలుతుంది.

హక్కు సంగతి త్వరగా తేల్చేస్తాను. మన దేశంలో "ఈ యుద్ధానికి నేను రాను" అని ఎంచుకునే హక్కు సైనికుడికి లేదు. మనకి నిర్బంధ సైనిక సేవ లేదు, చేరేవాడు తన ఇష్టంతో చేరతాడు. కాబట్టి మనస్సాక్షి పేరుతో మినహాయింపు ఇచ్చే చట్టం కూడా లేదు. 1950 నాటి ఆర్మీ యాక్ట్‌లో 41వ సెక్షన్ ప్రకారం, యాక్టివ్ సర్వీసులో ఉండగా పైఅధికారి ఆజ్ఞ ధిక్కరిస్తే 14 ఏళ్ళ దాకా జైలు. 38వ సెక్షన్ ప్రకారం, యుద్ధానికి వెళ్ళమన్న ఉత్తర్వు వచ్చాక పారిపోతే మరణశిక్ష దాకా వెళ్ళొచ్చు. పదిమందిని కూడగట్టుకుని ఎదురు తిరిగితే అది 37వ సెక్షన్, తిరుగుబాటు. దానికీ మరణశిక్ష ఉంది.

అమెరికాలో మనస్సాక్షి మినహాయింపు ఉంది. కానీ అది అన్ని యుద్ధాలనూ వ్యతిరేకించేవాడికే. ఒక యుద్ధం సరైనది, ఇంకోటి కాదు అని ఎంచుకునేవాడికి అది వర్తించదని వాళ్ళ సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. 2006లో ఎహ్రెన్ వటాడా అనే లెఫ్టినెంట్ ఇరాక్ యుద్ధం అక్రమమని, వెళ్ళనని చెప్పాడు. అఫ్ఘానిస్తాన్ పంపండి, వెళ్తాను అని కూడా అన్నాడు. ఒప్పుకోలేదు, కోర్ట్ మార్షల్ పెట్టారు. 2007లో ఆ విచారణ మధ్యలోనే చెల్లకుండా పోయింది. చివరికి 2009లో సైన్యం నుంచి పంపేశారు.

అయితే మన 41వ సెక్షన్‌లో ఒక మాట ఉంది, నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది అదే. ధిక్కరిస్తే శిక్ష ఉన్నది 'చట్టబద్ధమైన ఆజ్ఞ'కి. ఇంగ్లీషులో లాఫుల్ కమాండ్ అంటారు. ప్రతి ఆజ్ఞా చట్టబద్ధం అయిపోదు. కొత్త న్యాయ సంహిత 14వ సెక్షన్‌లో కూడా ఒక సిపాయి ఉదాహరణ ఉంది. పైవాడి ఆజ్ఞ మీద గుంపు మీద కాల్చిన సిపాయి నేరం చేసినట్టు కాదు అంటుంది. కానీ 'చట్టం చెప్పిన దానికి లోబడి' కాల్చాలని అక్కడే ఉంది. పాత ఐపీసీ 76లో ఉన్న మాటే ఇది, నూటయాభై ఏళ్ళకి పైగా పుస్తకంలో ఉంది. చాలామంది జవాన్లు సర్వీసంతా చేసి కూడా ఇది చదవకుండానే ఇంటికొస్తారు.

ఇప్పుడు కారణాల్లోకి వస్తాను.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక న్యూరెంబర్గ్‌లో జర్మన్ పెద్దల్ని విచారించారు. దురాక్రమణ యుద్ధం మొదలుపెట్టడం అనే నేరం అక్కడ ఎవరి మీద పడింది? యుద్ధాన్ని ప్లాన్ చేసి నడిపించిన పైవాళ్ళ మీద. ఆ యుద్ధంలో పోరాడినందుకే మామూలు సిపాయిని ఎవరూ బోను ఎక్కించలేదు. తర్వాత జర్మన్ సైనికాధికారుల మీద విడిగా జరిగిన హైకమాండ్ కేసులో కూడా, యుద్ధానికి వెళ్ళాలా వద్దా అని నిర్ణయించే స్థాయి లేనివాడి మీద ఆ నేరం మోపలేమన్నారు. అదే చోట, ఖైదీలను చంపినవాడు, ఊళ్ళను తగలబెట్టినవాడు "నాకు పైనుంచి ఆర్డర్ వచ్చింది" అంటే మాత్రం ఒప్పుకోలేదు. నాకు ఇందులో పెద్ద వివేకం కనిపిస్తుంది. యుద్ధం ఎందుకు జరుగుతోందో మొత్తం తెలిసేది గద్దె మీద ఉన్నవాడికి. ఎదురుగా ఉన్న మనిషి చేతిలో తుపాకీ ఉందా, బిందె ఉందా అన్నది తెలిసేది నీకు. ఎవరికి తెలిసినదానికి వాళ్ళు జవాబు చెప్పుకోవాలి.

వియత్నాంలో మైలాయ్ ఊరి సంగతి విని ఉంటావు. 1968 మార్చి 16న అమెరికన్ సైనికులు ఆ ఊళ్ళో ముసలివాళ్ళని, ఆడవాళ్ళని, పిల్లల్ని వందల మందిని చంపారు. పైన హెలికాప్టర్‌లో తిరుగుతున్న హ్యూ థాంప్సన్ అనే పైలట్ అది చూసి, తన సైనికులకీ ఆ ఊరివాళ్ళకీ మధ్య హెలికాప్టర్ దించాడు. మనవాళ్ళు వీళ్ళ మీద కాలిస్తే మీరు మనవాళ్ళ మీద కాల్చండి అని తన గన్నర్లకి చెప్పాడు. కొంతమందిని బతికించి బయటికి తీసుకొచ్చాడు. అతను వియత్నాం యుద్ధాన్ని ధిక్కరించినవాడు కాదు, ఆ ఉదయం కూడా డ్యూటీ మీదే వచ్చాడు. సొంతవాళ్ళే ఏళ్ళ తరబడి ద్రోహి అన్నారు. 30 ఏళ్ళ తర్వాత, 1998లో పతకం ఇచ్చారు.

మాకు దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. శ్రీలంకకి మొదట వెళ్ళింది సికింద్రాబాద్ నుంచి 54వ డివిజన్, దాని కమాండర్ మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. 1987 సెప్టెంబర్‌లో మాట్లాడటానికి వస్తున్న తమిళ పులుల (ఎల్టీటీఈ) నాయకుడు ప్రభాకరన్‌ను పట్టుకోవడమో కాల్చేయడమో చేయమని తనకి పైనుంచి చెప్పారని, చర్చలకు పిలిచినవాణ్ని అలా చంపడం సైన్యం చేసే పని కాదని తాను నిరాకరించానని ఆయన రిటైరయ్యాక రాసుకున్నారు. అదే జనరల్ అక్టోబర్‌లో జాఫ్నా యుద్ధం నడిపారు. అంటే యుద్ధానికి వెళ్ళారు, ఆ ఒక్క పనికి మాత్రం ఒప్పుకోలేదు. ప్రభాకరన్ ఆ రోజు పోయి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో అనేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆ జనరల్ చేసిందే సరైనదనిపిస్తుంది. ఆ పని చేసి ఉంటే మా మాట నమ్మి తెల్లజెండా పట్టుకుని బయటికి వచ్చే మనిషి అక్కడ ఇంకొకడు ఉండేవాడు కాదు.

నా సంగతి చెప్తాను. 1988 మొదట్లో నేను నాయక్‌ని. పొద్దున్నే వాహనాలు కదిలేముందు దారి వెతకడం మా పని, రోడ్ ఓపెనింగ్ అంటారు. పులులు కల్వర్టుల కింద డ్రమ్ముల నిండా మందుగుండు కూరి, తాటితోపులోకి వైరు లాగి కూర్చునేవాళ్ళు. ముందురోజే అదే దారిలో ఒక వాహనం ఎగిరిపోయి నలుగురు పోయారు. వాళ్ళలో ఒకడితో నేను ఆ ముందురాత్రి అన్నం తిన్నాను.

ఆ పొద్దున మాకు రక్షణగా వచ్చిన దళం పెద్ద, దారిన పోతున్న ఇద్దరు కుర్రాళ్ళని సైకిళ్ళ మీద నుంచి దించాడు. "వీళ్ళని ముందు నడిపించండి. మందుపాతర ఎక్కడుందో వీళ్ళ కాళ్ళకే తెలుస్తుంది" అన్నాడు. ఆయన్ని చెడ్డవాడని అనలేను, పోయిన నలుగురిలో ఇద్దరు ఆయన మనుషులే. నేను, "సాబ్, అది నా పని. ప్రాడర్ నా చేతిలో ఉంది, నేను ముందు నడుస్తాను" అన్నాను. ప్రాడర్ అంటే నేలని పొడిచి మందుపాతర వెతికే ఊచ. ఆయన గట్టిగా అరిచాడు. "అలాగే సాబ్, ఆర్డర్ రాసివ్వండి. మా కంపెనీ కమాండర్‌కి వైర్‌లెస్ సెట్‌లో చెప్పి చేస్తాను" అన్నాను. కాసేపు నా మొహం చూసి, పక్కకి వెళ్ళి సిగరెట్ వెలిగించుకున్నాడు. ఆ మూడు కిలోమీటర్లకి మాకు ఐదు గంటలు పట్టింది. మూడో కల్వర్టు దగ్గర వైరు దొరికింది. ఆ ఇద్దరూ అంతసేపూ చెట్టు కింద కూర్చుని మా నీళ్ళే తాగారు. వాళ్ళు పులులో కాదో ఈరోజుకీ నాకు తెలియదు.

నా మీద ఏ చర్యా రాలేదు. ఆ దళం పెద్ద ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు, అంతే. అందరికీ అంత తేలిగ్గా అవుతుందని చెప్పను. కానీ ఆ రోజు పనికొచ్చిన పద్ధతి నీకు చెప్తాను: చేయనని మొండికేయకుండా, బదులుగా ఏం చేస్తావో చెప్పు. ఆర్డర్ రాతలో అడుగు. పైన ఇంకొకరికి తెలియజేయి. తప్పుడు ఆజ్ఞ ఎక్కువగా కోపంలోంచో భయంలోంచో వస్తుంది. కాగితం అడిగేసరికి చాలాసార్లు అది చల్లారుతుంది.

నువ్వు ఇక్కడ ఒక మాట అడగొచ్చు. అనుమానం ఉన్నా వెళ్ళాలని ఎందుకంటున్నారు, అందరూ ఇలాగే వెళ్తే చెడ్డ యుద్ధాలు ఎప్పటికి ఆగుతాయి? సరైన ప్రశ్నే. నేను కూడా జాఫ్నాలో దోమతెర కింద పడుకుని చాలా రాత్రులు ఇదే ఆలోచించాను.

1987 జూలై 29న భారత్, శ్రీలంకల మధ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మమ్మల్ని పంపింది తమిళుల్ని కాపాడటానికి, ఆయుధాలు అప్పగించుకోవడానికి, మందుపాతరలు ఏరడానికి. ఆగస్టులో మేం రోడ్లు వెతుకుతుంటే ఊళ్ళవాళ్ళు కొబ్బరిబొండాలు కొట్టిచ్చేవాళ్ళు. అక్టోబర్ రెండో వారంలో యుద్ధం మొదలైంది. మూడు నెలలు తిరక్కుండానే, ఎవరిని కాపాడటానికి వెళ్ళామో వాళ్ళ వీధుల్లోనే తుపాకులు పట్టుకుని తిరిగాం. ఎదుటివాళ్ళూ తక్కువ తినలేదు, చిన్నపిల్లల చేతికి కూడా తుపాకీ ఇచ్చారు. 1990 మార్చిలో చివరి బృందాలు వెనక్కి వచ్చేసరికి మనవాళ్ళు 1,100 మందికి పైగా పోయారు. వాళ్ళని మద్రాసు రేవులో స్వాగతించడానికి ముఖ్యమంత్రి కరుణానిధి గారు వెళ్ళలేదు. తమిళుల్ని చంపి వచ్చిన సైన్యం అని ఆయన పక్షం బాధ. ఢిల్లీలో అప్పటికి ప్రభుత్వమే మారిపోయింది. పంపినవాళ్ళొకరు, వెనక్కి పిలిచినవాళ్ళొకరు.

అది న్యాయమైన యుద్ధమా? నేను రెండేళ్ళు అక్కడే ఉన్నాను, ఒక్క మాటలో చెప్పమంటే చెప్పలేను. ఒప్పందం వెనుక ఉద్దేశం మంచిదేననుకుంటాను. యుద్ధంగా మారిన తీరు తప్పనుకుంటాను. ఇన్నేళ్ళ తర్వాత, ఇంత చదివాక నా పరిస్థితి ఇది. ఇక 24 ఏళ్ళ నాయక్‌గా రేడియో వార్తలూ వంటశాల పుకార్లూ పట్టుకుని నేను తీర్పు చెప్పేసి, తుపాకీ పడేసి వచ్చేస్తే ఏమయ్యేది? నా పక్కవాడు చచ్చిపోయేవాడు. యుద్ధం ఆగేది కాదు.

గాంధీ గారి మాట వింటే ఆశ్చర్యపోతావు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సా ఖ్వానీ బజారులో, చేతిలో ఆయుధం లేని పఠాన్ల మీద కాల్చమంటే గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు కాల్చలేదు. హవల్దార్ చంద్రసింగ్ కాల్పులు ఆపమని తనవాళ్ళకి కేక వేశాడు. ఆయనకి యావజ్జీవ శిక్ష పడింది, 1941లో విడుదలయ్యాడు. దేశమంతా వాళ్ళని నెత్తిన పెట్టుకుంది. అయితే గాంధీ గారిని ఒక ఫ్రెంచ్ విలేకరి దీని గురించి అడిగితే, కాల్చమన్న ఆజ్ఞను కాదన్న సిపాయి తన ప్రమాణం తప్పినట్టే అన్నారు. రేపు స్వరాజ్యం వచ్చాక ఇదే సిపాయిలతో తనకి పనిపడుతుందని, అప్పుడు నా మాటా వినకపోతే ఎలా అన్న అర్థం వచ్చేలా చెప్పారు. అహింస చెప్పిన మనిషి అన్న మాట అది!

పెషావర్ విషయంలో నేను గాంధీ గారితో ఏకీభవించను. ఒట్టి చేతులతో ఉన్న జనాన్ని కాల్చమనడం నా లెక్కలో చేయకూడని పనే, చంద్రసింగ్ చేసింది ముమ్మాటికీ రైటు. కానీ ఆయన భయంలో నిజం ఉంది. ఏ యుద్ధం చేయాలో తుపాకులున్నవాళ్ళు నిర్ణయించడం మొదలైతే, ఏ యుద్ధం ఆపాలో కూడా వాళ్ళే నిర్ణయిస్తారు, ఆ తర్వాత ఎవరు పాలించాలో కూడా. మన పొరుగున అది ఎన్నిసార్లు జరిగిందో చూశాం. మన దేశంలో సైన్యం బ్యారక్ దాటి రాలేదంటే, సిపాయి తన అనుమానాన్ని మింగుకుని ఓట్లతో వచ్చిన ప్రభుత్వం మాట వినడం దానికి ఒక కారణం. ఆ యుద్ధం తప్పని గట్టిగా చెప్పాల్సింది, ప్రభుత్వాన్ని నిలదీయాల్సింది బయట ఉన్న మనుషులు. వాళ్ళు నోరు మూసుకుని సిపాయి మనస్సాక్షి గురించి ప్రశ్నలు వేస్తే నాకు కోపం వస్తుంది.

వెళ్ళడానికీ వెళ్ళకపోవడానికీ మధ్య కూడా కొంత చోటు ఉంటుంది. మా కంపెనీలో తంజావూరు వైపు నుంచి ఒక హవల్దార్ ఉండేవాడు. తమిళం వచ్చినవాళ్ళకి అక్కడ గిరాకీ ఎక్కువ. ఇళ్ళు సోదా చేసేటప్పుడు దుబాసీగా తీసుకెళ్ళేవాళ్ళు. రెండు నెలలు వెళ్ళాడు. ఒకరోజు నాతో, "ఆ ఇంటి ముసలావిడ నన్ను తంబీ అని పిలిచి కాళ్ళు పట్టుకుంది. మా అమ్మ పిలుపు కూడా అదే. ఇక నావల్ల కాదు" అన్నాడు. సుబేదార్ మేజర్ ద్వారా సీవో సాబ్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) ఇంటర్వ్యూకి వెళ్ళాడు. మందుపాతరలు ఎన్నైనా తీస్తాను, బావులు బాగుచేస్తాను, వంతెనలు కడతాను, సోదాలకి మాత్రం పంపొద్దు అన్నాడు. సీవో సాబ్ అరగంట విని, సరే అన్నారు. కొందరు పిరికివాడన్నారు. రోజూ అందరికంటే ముందు మందుపాతరల మీద చెయ్యి పెట్టినవాడు వాడు! పూర్తి సర్వీసు చేసి, పెన్షన్‌తో ఇంటికెళ్ళాడు. ఇప్పటికీ పొంగల్‌కి ఫోన్ చేస్తాడు.

ఇది నీకు హక్కుగా దొరకదు. మంచి సీవో ఉండటం అదృష్టం. కానీ అడిగే దారులు ఉన్నాయి. ఇంటర్వ్యూ ఉంది, జవాన్లు తమ కష్టాలు చెప్పుకునే సభ సైనిక సమ్మేళన్ ఉంది, అన్యాయం జరిగిందనుకుంటే పైవాడికి ఫిర్యాదు చేసుకోవడానికి ఆర్మీ యాక్ట్‌లో 26వ సెక్షన్ ఉంది. బయట అనుకునేటంత బండగా ఉండదు సైన్యం. ఒక సంగతి కూడా చెప్పాలి. అదే భాష మాట్లాడే మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబర్ 25న అదే పులులతో పోరాడుతూ ప్రాణం ఇచ్చారు, పరమవీర చక్ర వచ్చింది. ఒకే అమ్మభాష, రెండు మనస్సాక్షులు. ఇద్దరికీ నేను సెల్యూట్ చేస్తాను.

ఇక మూడో సందర్భం, అసలు వెళ్ళనే కూడదని నేనన్నది. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అని ఒక రైతు, చిన్నపిల్లల తండ్రి. 1943లో హిట్లర్ సైన్యంలోకి పిలుపు వస్తే ఆయుధం పట్టనన్నాడు. గాయపడినవాళ్ళకి సేవ చేసే పనైతే చేస్తానన్నాడు, ఒప్పుకోలేదు. ఊరి పెద్దలు, బిషప్ కూడా భార్యాపిల్లల్ని చూసుకోమని నచ్చజెప్పారు. వినలేదు. ఆ ఏడాది ఆగస్టు 9న తల తీశారు. అతను ఒక్కడు వెళ్ళకపోవడం వల్ల యుద్ధం ఒక్క రోజు కూడా తగ్గలేదు. అయినా అతనే రైటు, ఎందుకంటే అక్కడ అనుమానానికి చోటే లేదు. ఆ సైన్యం ఏం చేస్తోందో అతనికి తెలుసు.

ఈ కాలంలో చూస్తే, 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ సరిహద్దు దాటింది. మార్చి 2న ఐక్యరాజ్యసమితిలో 141 దేశాలు వెనక్కి వెళ్ళమన్నాయి. సెప్టెంబర్‌లో 3 లక్షల మందిని సైన్యంలోకి పిలిస్తే వేలమంది రష్యన్ కుర్రాళ్ళు దేశం దాటారు. వాళ్ళని నేను తప్పుపట్టలేను, వాళ్ళింకా సిపాయిలు కాదు. యూనిఫాం వేసుకున్న రష్యన్ నన్ను అడిగితే మాత్రం, వెళ్ళకు, జైలుకి వెళ్ళు అని చెప్తాను. ఎదుటివాడి ఊళ్ళోకి వాడు పిలవకుండా వెళ్ళి, ఆ ఊరు నాదే అనడానికి పోరాడుతున్నామంటే, అందులో పైవాడికి మాత్రమే తెలిసిన రహస్యం ఏమీ ఉండదు.

నువ్వు రాసిన మన కుర్రాళ్ళ సంగతి వేరే. 2024లో బయటపడింది అది. హైదరాబాద్, తెలంగాణ వైపు నుంచి వెళ్ళిన వాళ్ళలో కొందరు హెల్పర్ ఉద్యోగమని నమ్మి, చదవలేని భాషలో కాగితాల మీద సంతకాలు పెట్టి ఫ్రంట్‌కి చేరారు. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని మోసం చేశారు, అక్కడ మనస్సాక్షి ప్రశ్న వాళ్ళ దాకా రాలేదు. నీకు తెలిసినవాళ్ళెవరైనా అలాంటి ఏజెంటు మాటలు చెప్తుంటే దయచేసి ఆపు.

కాదనాల్సి వస్తే ఒట్టి చేతులతో నిలబడి కాదని చెప్పు. ఇది నేను కుర్రాళ్ళకి మరీ మరీ చెప్తాను. 1984 జూన్‌లో స్వర్ణదేవాలయం మీద దాడి వార్త విని రాంగఢ్‌లోని సిక్కు రెజిమెంటల్ సెంటర్‌లో కొందరు సిపాయిలు ఆయుధాలతో బయటికి వచ్చారు. వాళ్ళ గుండె ఎంత మండిందో నేను ఊహించగలను. కానీ ఆ గొడవలో వాళ్ళ సొంత కమాండెంట్ చనిపోయారు. పెషావర్‌లో గఢ్వాలీలు రైఫిళ్ళు దించి నిలబడ్డారు, వాళ్ళ చేతిలో ఎవరూ పోలేదు. రెండుచోట్లా మనస్సాక్షే కదిలించింది. కానీ ఒక చోట తుపాకీ దిగింది, ఇంకోచోట లేచింది.

పాపంలో వాటా అన్నావు. 1988లో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మా నాన్న కూడా ఇదే అడిగాడు. ఆయన చదువుకోలేదు గానీ భారతం హరికథలుగా విని పెరిగినవాడు. "ఏరా, నువ్వు వికర్ణుడివా, యుయుత్సుడివా?" అన్నాడు. వికర్ణుడు ద్రౌపది తరపున నిండుసభలో మాట్లాడాడు, కానీ యుద్ధంలో అన్నల పక్కనే నిలబడి భీముడి చేతిలో చచ్చాడు. యుయుత్సుడు యుద్ధం మొదలయ్యేముందే అటు దాటి బతికాడు. నేను అప్పుడు జవాబు చెప్పలేదు. నాన్నే కాసేపాగి, "బలరాముడిలా తీర్థయాత్రలకి పోయేవాళ్ళకి మాత్రం ఈ బాధ లేదులే" అన్నాడు.

నాకు నిద్రలో వచ్చేది ఆ ఇద్దరు కుర్రాళ్ళు కాదు. ఒక ముసలావిడ వస్తుంది. దారికి రెండు వైపులా యాభై గజాలు ఖాళీగా ఉండాలని ఆర్డర్ వచ్చింది. వైరు లాగి దాక్కోవడానికి చోటు లేకుండా చేయాలి. చట్టబద్ధమైన ఆర్డరే, మా ప్రాణాలు కాపాడే ఆర్డరే, కాదనడానికి ఏమీ లేదు. ఆవిడవి నలభై దాకా తాటిచెట్లు. జాఫ్నాలో తాడి అంటే మనకి పాడిగేదె లాంటిది, అన్నీ దాని మీదే. నేనే మందు పెట్టి కూల్చాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. చేటలో తేగలు పెట్టుకుని గడప మీద కూర్చుని, ఒక్కొక్క చెట్టూ పడుతుంటే లెక్కపెట్టుకుంది. నష్టపరిహారం కాగితం రాయించాను గానీ, డబ్బు ఆవిడకి చేరిందో లేదో చూడకుండానే మా కంపెనీ అక్కడి నుంచి కదిలిపోయింది. అప్పుడు నేను వెంటపడి కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు. చట్టం ప్రకారం నేను ఏ తప్పూ చేయలేదు, అయినా వాటా ఉంది బాబూ. యుద్ధం మంచిదైనా చెడ్డదైనా ఉంటుంది. అది లేకుండా తిరిగొచ్చిన సైనికుణ్ని నేను చూడలేదు.

కాబట్టి నువ్వు నిర్ణయించుకోవాల్సింది సంతకానికి ముందే. అగ్నివీర్ అయితే నాలుగేళ్ళు. మధ్యలో నీ అంతట నువ్వు మానేస్తానంటే మామూలుగా వదలరు, చాలా అరుదైన సందర్భంలో తప్ప. నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు. ఏ యుద్ధానికైనా సరే మనిషి మీద తుపాకీ ఎత్తలేను అనిపిస్తే చేరకు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. తప్పనిసరిగా చేరాలని నిన్నెవరూ బలవంతపెట్టడం లేదు, అది ఈ దేశంలో పుట్టినందుకు నీకు దొరికిన వెసులుబాటు. ఇంటి అప్పుల కోసమే చేరుతుంటే ఆ మాట నీకు నువ్వైనా ఒప్పుకో. అప్పుడు మనసుకి సరిపడని డ్యూటీ పడిన రోజు ఎవరి మీదా నెపం పెట్టవు.

మీ అమ్మగారికి చెప్పు, భర్తీలో ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. పరుగు చూస్తారు, రాతపరీక్ష చూస్తారు, మెడికల్ చూస్తారు. నువ్వు ఇలా ఆలోచిస్తున్నావని తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయం అక్కర్లేదు. నేను సుబేదార్‌గా ఉన్నప్పుడు నా కింద ఇలా ఆలోచించే కుర్రాడు ఉంటే, సోదాకి వెళ్ళే పార్టీలో వాణ్నే ముందు పెట్టేవాణ్ని.

చేరితే మాత్రం కసమ్ పరేడ్ రోజు చదివించే ప్రమాణాన్ని ముందే తెలుగులో ఒకసారి రాసుకుని చదువు. మా రోజుల్లో హిందీలో చెప్పించారు. బెంగళూరు ఎండలో నిలబడి నేనూ గట్టిగా అరిచాను, సగం అర్థం కాలేదు. అందులో ముందు వచ్చేది భారత రాజ్యాంగానికి విధేయత. ప్రాణం పోయినా పైఅధికారి ఆజ్ఞ పాటిస్తాననే మాట ఆ తర్వాత వస్తుంది. ఆ వరస నేను గమనించేసరికి జాఫ్నా నుంచి వచ్చేసి చాలా ఏళ్ళయింది.